పాండెలిస్ స్వెటర్

పాండెలిస్ పడవ తిరిగి రాని రోజునే పిల్లి ఈనింది.

పడవ మర్నాడు దొరికింది, రాళ్ళ పక్కన బోర్లా తేలుతూ. పాండెలిస్ దొరకలేదు. అతని ఉన్ని స్వెటర్ మాత్రం రేవులో, వలల గంప మీద, విప్పి పెట్టినచోటే ఉంది. ఎవరో తెచ్చి ఇంట్లో ఇచ్చారు. అప్పటినుంచీ అది అతని భార్య అర్గిరో ఒళ్ళోనే ఉంది.

శవం లేని చావుకు మా ఏజియన్ దీవిలో పద్ధతులేమీ లేవు. పెట్టె రాలేదు. చర్చి గంట మోగలేదు. ఆ పిల్ల నల్లబట్టలు వేసుకోవాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

అర్గిరో వంటింట్లో పొయ్యి పక్కన బల్ల మీదే పడుకునేది. తనూ పాండెలిస్ కలిసి ఉన్న లోపలి గదిలోంచి ఆ రోజు బయటికొచ్చింది. మళ్ళీ దాని గడప దాటలేదు. అటునుంచి ఏదైనా చప్పుడు వస్తే స్వెటర్ తీసి చెవులకు అడ్డం పెట్టుకునేది.

అత్తగారు స్టమాటియా కొడుకు పోయిన మనిషి. అయినా పొయ్యి ఆరనివ్వలేదు. గుమ్మానికి వెల్లుల్లి గుత్తి కట్టింది. పొద్దు గుంకకముందే తీగ మీది బట్టలన్నీ లోపలికి తెచ్చేది. చీకటి పడ్డాక పొరుగువాళ్ళను కూడా రానిచ్చేది కాదు. కోడల్ని రోజూ ఒక్కటే అడిగేది.

"ఆ స్వెటర్ ఇలా ఇవ్వమ్మా."

"ఉతికేస్తారు అత్తయ్యా."

"ఉతకను."

"ఇవ్వను. ఆయన వాసన దీంట్లోనే ఉంది."

పిల్లి పాండెలిస్‌ది. పేరు సార్దేలా. పడవలోనే పెరిగింది. చలికాలమంతా అతని స్వెటర్‌లో దూరి పడుకునేది. దానికే ఇంకా పసితనం పోలేదు. కట్టెల గంపలో మూడు పిల్లల్ని పెట్టి, వాటివంక చూడనైనా చూడకుండా లేచి వచ్చేసింది. వచ్చి, సముద్రం కనిపించే కిటికీలో కూర్చుంది. ఇంట్లో సన్నగా ఏడుపు వినిపిస్తూనే ఉండేది.

స్టమాటియా గంప తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"నాకున్నవి రెండే చేతులు. వీటిని నువ్వు చూడు."

అర్గిరో చూసింది. మేకపాలు కాచి, నీళ్ళు కలిపి, మందుసీసా గొట్టంతో చుక్క చుక్కగా పట్టింది. పాలు తాగాక తడిగుడ్డతో పొట్టలు నిమిరింది. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి గంపలో పెట్టింది. అయినా ఒకటి దక్కలేదు. దాన్ని పెరట్లో అంజూరం చెట్టు కింద పూడ్చి వచ్చి, మిగిలిన రెంటినీ ఒళ్ళోకి తీసుకుంది.

"వీటిని పోనివ్వను" అంది.

పొరుగింటి ఫ్రోసో తేనెసీసా పట్టుకుని వచ్చింది. కిటికీలో పిల్లిని చూడగానే ఆవిడకు ఒళ్ళు మండింది.

"నీకంటే నా కోళ్ళు నయం కదే. కన్నదానివి, ఒక్కసారి వాటి మొహమైనా చూడవా?"

"తిట్టకు ఫ్రోసో" అంది స్టమాటియా. "వింటుంది."

"వింటే ఎప్పుడో బాగుపడేది."

"మొదటి కాన్పు. అదే రోజు ఇంటి మనిషి పోయాడు. బెదిరిపోయింది. కొన్నాళ్ళు పడుతుంది."

"అన్నాళ్ళూ నువ్వు లాగొద్దూ? మెట్లెక్కితే నీ మోకాళ్ళ చప్పుడు మా ఇంటిదాకా వినిపిస్తోంది."

"మేకపాలతో నెట్టుకొస్తున్నాం. కానీ తల్లి తల్లేగా."

ఫ్రోసో గొంతు తగ్గించింది. "లోపలికి వెళ్ళిందా?"

"గడప దాటలేదు."

ఫ్రోసో గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, తేనెసీసా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారం చివర పిల్లికూనలు రెండూ గొట్టం నోట పెట్టినా తాగడం మానేశాయి. అరిచే ఓపిక కూడా పోయింది. అర్గిరో పిల్లిని పట్టుకొచ్చి గంపలో కూర్చోబెట్టింది. అది దూకి మళ్ళీ కిటికీలోకే పోయింది.

"దానికి వీటి వాసన తెలీదు" అంది స్టమాటియా. "దానికి తెలిసిన వాసన ఒక్కటే."

ఇద్దరూ స్వెటర్ వంక చూశారు.

"పాలూ ఉచ్చా అంటితే ఇక ఆయన వాసన మిగలదు అత్తయ్యా."

"మిగలదు" అంది స్టమాటియా. అబద్ధం చెప్పాలనిపించలేదు ఆవిడకు.

అర్గిరో స్వెటర్‌ను మొహానికి ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. కూనల్లో ఒకటి నోరు తెరిచింది. చప్పుడు రాలేదు. అప్పుడు అర్గిరో స్వెటర్ చాచింది.

స్టమాటియా కత్తెర తెచ్చి దాని చెయ్యి ఒకటి కత్తిరించుకుంది.

"ఇది నాకు కావాలి. మొదటినుంచీ అడుగుతున్నా."

ఎందుకని అర్గిరో అడగలేదు.

మిగిలినదాన్ని గంపలో పరిచి కూనల్ని మధ్యలో పెట్టారు. పిల్లి చెవి కదిలింది. కిటికీ దిగింది. మెడపట్టీ వాసన చూసింది. ఎవరికోసమో వెతుకుతున్నట్టు ఆ ఉన్ని అంతా తలతో కెలికింది. వెతికినవాడు లేడు. ఆ మడతల్లో మెత్తగా, వెచ్చగా ఏదో తగిలింది. పిల్లి దాన్ని ఒకసారి నాకింది. ఆగి, మళ్ళీ నాకింది. తర్వాత రెండో దాన్ని కూడా కాళ్ళతో దగ్గరికి లాక్కుని పక్కకు ఒరిగింది.

పడవ పోయిన తర్వాత అర్గిరో ఏడవడం అదే మొదటిసారి. గంప పక్కన నేలమీద కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

స్టమాటియా కాసేపు నిలబడి చూసింది. స్వెటర్ చెయ్యి తీసుకుని వెళ్ళి లోపలి గది తలుపు తెరిచింది. దాన్ని మళ్ళీ మూయలేదు.

పిల్లి ఈనిన రోజునే ఆ గదిలో పుట్టిన మనవడికి, దీవి ఆచారం ప్రకారం, తండ్రి బట్ట చుట్టింది; వాణ్ణి తల్లి ఇంకా ఎత్తుకోలేదు.