గడప దిగిన కుక్క

గడప ఎక్కబోతున్న మనిషిని చూసి కుక్క పళ్ళు బయటపెట్టింది.

“నేను పాపా, మీ అన్న రామాంజిని!” కాటన్‌పేట సందులో, లోడింగ్ ఆటోల మధ్య నిలబడి అరిచాడతను.

కడుతున్న పూలమాల వదిలేసి శశికళ పరుగెత్తుకొచ్చింది.

ఆమె పాడితే వాడిన మల్లెలు కూడా విచ్చుకునేవి. యలహంక మంత్రగాడు భుజంగరావు ఆ గొంతు తనకిమ్మన్నాడు. ఆమె ఇవ్వనంది. ఏనాటికైనా అది తనదేనని శపించి పోయాడు. ఆ శాపం తీయించుకొస్తానని నిరుడు వెళ్ళిన అన్న, మళ్ళీ కనిపించలేదు.

“ఒక ఫోనైనా చేయకపోతివి కదన్నా!”

“శాపానికి విరుగుడు చేయించినా పాపా. కానీ ఈ కుక్క వాకిట్లో ఉండేదాకా అది పోదంట. యాడిదిది?”

“నువ్వు పోయినాక వచ్చి పడుకునింది. వీధిలోవాళ్ళు రాళ్ళేసినా కదల్లేదు. నేను జ్వరంతో పడుంటే, ఇదే పోయి పక్కింటి అంజినమ్మను లాక్కొచ్చింది.”

“నువ్వే పొమ్మనాల. నీ నోటితోనే.”

కుక్క ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. దాని ఒళ్ళంతా వణుకుతోంది.

“నా వల్ల కాదన్నా. నా చేతి కూడు తినింది.”

“సంవత్సరం నీ కోసరం ఊళ్ళు పట్టుకు తిరిగినా. నాకంటే కుక్కే ఎక్కువైపోయిందా?”

అతను ఏడ్చాడు. ఏడుస్తూనే గడప మీద కాలు పెట్టబోయాడు.

కుక్క ఎగిరి అతని చెయ్యి కరిచింది.

రక్తం చూసేసరికి శశికళ చీపురు అందుకుంది.

“కూడు పెడితే మా అన్ననే కరుస్తావా? పో! మళ్ళీ నా గడప తొక్కొద్దు!”

దెబ్బ పడినా కుక్క తప్పుకోలేదు. మొరగడం ఆపి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత తల వంచుకుని మెట్లు దిగిపోయింది.

అతను గడప దాటాడు.

దాటగానే అన్న ముఖం మైనంలా కరిగిపోయింది. ఎదురుగా భుజంగరావు!

శశికళ నోరు తెరిచింది. కేక రాలేదు. ఆ కేక భుజంగరావు నోట్లోంచి వచ్చింది, అచ్చం ఆమె గొంతుతో.

ఆమె వీధిలోకి పరుగెత్తింది. సందు మలుపులో కుక్క వెనక్కి చూస్తూ నిలబడింది.

శశికళ చప్పట్లు కొట్టింది. చేతులు చాచింది. కుక్క అడుగు ముందుకు వేయలేదు. పొమ్మన్నది ఆమే.

వెనక నుంచి, ఆమె గొంతుతోనే, భుజంగరావు మెల్లగా అన్నాడు:

“పిలువమ్మా! దాన్ని చూసి ‘అన్నా’ అని ఒక్కసారి పిలిస్తే చాలు, మీ రామాంజి మళ్ళీ మనిషవుతాడు.”