చిలకపచ్చ ముక్క

బాక్స్ బెడ్ మూత పడలేదు.

హైమవతి మూత మీద ఎక్కి కూర్చుంది. అయినా పడలేదు. లోపలున్నవన్నీ జాకెట్టు ముక్కలు. ఢిల్లీ వచ్చినప్పటి నుంచీ పేరంటాల్లో పోగైనవి.

ఇంట్లో బట్టల కొట్టు పెట్టే ఉద్దేశం ఉంటే ముందే చెప్పమన్నాడు వాళ్ళాయన. సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసరు కదా, ఆ మాట కూడా ఫైలు మీద నోట్ రాసినంత నెమ్మదిగా అన్నాడు.

నిజానికి జాకెట్టు ముక్కకు ఒక ధర్మం ఉంది. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. ఈ శుక్రవారం వచ్చింది వచ్చే శుక్రవారం ఇంకొకరి తాంబూలంలోకి వెళ్ళిపోతుంది. వాళ్ళుండే ద్వారక కాలనీలో సెక్టార్లన్నీ తిరిగొచ్చిన ముక్కలున్నాయి ఆ పెట్టెలో.

ఆ ధర్మమే హైమవతి తప్పింది. కత్తెర పట్టుకుంది.

ఏ ముక్కా డ్రెస్సుకు చాలదు. అందుకని ఐదు ముక్కలు కలిపేసింది. గుండెల దగ్గర చిలకపచ్చ, దాని నిండా కాడకుట్టు మామిడి పిందెలు. ఓ చెయ్యి మెరూన్, ఓ చెయ్యి గంధం. నడుం కింద సగం వంకాయ రంగు, సగం నీలం.

"కలర్ బ్లాక్ హై మమ్మా, ఏక్‌దమ్ ట్రెండీ" అంది కూతురు నేహా.

బుద్ధెరిగాక ఆ పిల్ల తల్లిని మెచ్చుకోవడం అదే మొదలు. హైమవతి పొంగిపోయింది. శ్రావణ శుక్రవారం సాయంత్రం తన ఇంట్లో పేరంటానికి పట్టుచీర పక్కన పెట్టి ఆ డ్రెస్సే వేసుకుంది.

అందరికంటే ముందు ఎవరో పెద్దావిడ వచ్చింది. నేత చీర, లావుపాటి కళ్ళజోడు.

"మా అమ్మాయి రాలేకపోయిందమ్మా, అందుకని..." అంటుండగానే కుక్కర్ కూసింది. హైమవతి వంటింట్లోకి పరుగెత్తింది.

తిరిగి వచ్చేసరికి స్నేహితురాళ్ళు కృష్ణకుమారి, అరుంధతి కూడా వచ్చి కూర్చున్నారు. పెద్దావిడ ఎవరి తాలూకో ఇద్దరికీ తెలియదు. పేరంటానికి వచ్చిన ముత్తైదువను నువ్వెవరని అడగలేరు కదా.

ఆవిడ పులిహోర మారు అడిగి పెట్టించుకుంది. ఇది పిలవని పేరంటమేనని హైమవతి తేల్చేసింది. ఆవిడ తాంబూలంలోంచి మంచి ముక్క తీసేసి, ఇటు నుంచి చూస్తే అటు కనిపించే పల్చటిది పెట్టింది.

అప్పుడు కృష్ణకుమారి చూపు డ్రెస్సు మీద పడింది.

"ఈ పచ్చ ముక్క నేను అరుంధతికి పెట్టింది కదూ?"

అరుంధతి చేతిలో చెంచా ఆగిపోయింది. దాన్ని కుట్టించుకుని ఆడపడుచు పెళ్ళికి తొడుక్కున్నానని ఆమె ఎప్పుడో చెప్పింది. కరోల్‌బాగ్‌లో కొట్టు కొట్టూ తిరిగి ఏరి కొన్నానని కృష్ణకుమారీ అప్పట్లో చెప్పింది.

మాట మీద మాట పెరిగింది. ప్రేమగా పెట్టింది ఊళ్ళో పంచిపెట్టే వాళ్ళకు ఇంకేం పెడతామని ఒకరు. కొన్నదో, వచ్చిందో ఎవరు చూడొచ్చారని ఇంకొకరు. మధ్యలో డ్రెస్సు తొడుక్కున్న పాపానికి హైమవతికి ముచ్చెమటలు పోశాయి. ఈ ఊళ్ళో తనకు చుట్టమైనా పక్కమైనా ఈ ఇద్దరే. జ్వరమొస్తే జావ కాచి తెచ్చేది వీళ్ళే. ఒక్క డ్రెస్సుతో ఇద్దరినీ పోగొట్టుకునేట్టుంది.

అరుంధతి చెప్పుల కోసం లేచింది.

పెద్దావిడ కూడా లేచింది. కళ్ళజోడు సర్దుకుని హైమవతి దగ్గరికి వచ్చి, మామిడి పిందెలను వేలితో తడిమింది. తర్వాత నవ్వింది.

"ఇదా? చీరాలలో మా అబ్బాయి కొట్లో థానులకు థానులు ఇదే. ఢిల్లీక్కూడా పంపుతాడు. ఇద్దరి ముగ్గురి దగ్గర ఇదే ముక్కుంటే వింతేముంది?"

"చేతికుట్టులా ఉందండీ" అంది కృష్ణకుమారి అనుమానంగా.

"ఈ రోజుల్లో చేత్తో ఎవరు కుడతారమ్మా? మిషను పనే."

ముగ్గురూ వంగి వంగి చూశారు. మిషనేనని ఒప్పుకున్నారు. ఫినిషింగ్ కూడా అంతంతమాత్రమేనని అరుంధతి తీర్పిచ్చింది. పెద్దావిడ అవునన్నట్టు తలూపింది.

అరుంధతి మళ్ళీ కూర్చుని ఇంకాస్త పులిహోర వేయమంది. ఆ గొడవలోనే పెద్దావిడ తాంబూలం తీసుకుని వెళ్ళిపోయింది. హైమవతి ఆవిడ వెంట గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు.

మర్నాడు సాయంత్రం పక్క సెక్టారు నుంచి వీణ ఫోన్ చేసింది. ఉద్యోగం చేసుకునే పిల్ల. ఆఫీసులో ఆడిట్ ఉండి పేరంటానికి రాలేకపోయానని, ఊరి నుంచి వచ్చిన తన తల్లిని పంపానని, ఇవాళ పొద్దున్నే ఆవిడ రైలెక్కేసిందని చెప్పింది.

ఆ పెద్దావిడ ఎవరో హైమవతికి అప్పుడు తెలిసింది. మీ తమ్ముడి కొట్టు ఫోన్ నంబరు ఇవ్వమంది. కృష్ణకుమారికి అలాంటి ముక్కే ఇంకోటి కావాలట.

"తమ్ముడెవరు ఆంటీ? అమ్మకి నేనొక్కదాన్నే. మాకు కొట్టూ లేదు."

హైమవతి ఏదో అనబోయింది. వీణ గొంతు తగ్గించింది.

"అది సరే, అమ్మ మీ దగ్గర చిలకపచ్చ ముక్క సంగతేమైనా ఎత్తిందా? హడావిడిలో దాన్ని నేను కృష్ణకుమారి ఆంటీకి తాంబూలంలో పెట్టేశాను. టైలర్ దగ్గరుందని చెప్తే, పాపం, నమ్మేసింది."

హైమవతికి ఆవిడ చేతిలో పెట్టిన పల్చటి ముక్క గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

"నా కోసమని, కళ్ళు సరిగా కనబడకపోయినా, ఓ వేసవంతా కూర్చుని ఆ పిందెలన్నీ చేత్తో కుట్టింది ఆంటీ అమ్మ."