పుల్ల కొలత

ఆ వానాకాలం అరకులో గణపతిరావు కొట్టుకి వచ్చినవాళ్ళంతా బూట్లు తొడిగి చూసినవాళ్ళే. కొన్నవాళ్ళు లేరు. టూరిస్టులు నాలుగేసి జతలు వేసుకుని, అటూ ఇటూ నడిచి, "నెట్‌లో ఇంకా చవగ్గా వస్తాయండీ" అని విప్పేసి వెళ్ళిపోయేవారు.

కొండలెక్కే బూట్లకి ఆ చుట్టుపక్కల అదొక్కటే కొట్టు. దసరాలోగా పెద్ద బేరం తగలకపోతే అదీ మూసేసి, కొండకింద కోట ఊళ్ళో బావమరిది హోటల్లో టీలు కలుపుకోవాలి.

సంతరోజు పొద్దున్నే టైడా ఊరి గైడు బుధు వచ్చాడు. చేతిలో కొండచీపురు పుల్లల కట్ట.

"ఏట్రా, చీపుర్లమ్ముతున్నావా?"

"కాళ్ళు తెచ్చినాను సావుకారూ. మా గైడులు ఇరవైరెండు మందివి. జలగలు పీకేస్తన్నాయి. అందరికీ బూట్లు కావాల."

గణపతిరావుకి ప్రాణం లేచొచ్చింది.

కొండమీద కొలత అదే. సంతకి రాలేనివాడు పాదం పొడవుకి పుల్ల విరిచి పంపుతాడు. కానీ పుల్లకి పొడవే గాని వెడల్పుండదు. అది కొట్టువాడికి తెలిసుండాలి.

"ఇదెవడిది?"

"భీముడిది."

"వాడి పాదం అరిటాకు కాదూ! పుల్ల ఏడంటుంది. ఎనిమిది రాసుకో."

"ఇది దేముడమ్మ కొడుకుది."

"వాడికి ఎడమ బొటనవేలు గొప్ప. తొమ్మిది. కుడికాలికి రెండు మేజోళ్ళు తొడగమను."

బుధు ఒక్కొక్క పేరు పక్కనా నెంబరు రాసుకుంటున్నాడు. ఇద్దరు టూరిస్టులు గుమ్మంలో నిలబడితే, "మళ్ళీ రండి" అని గణపతిరావు కసిగా పంపేశాడు. బుధుకి టీ తెప్పించాడు. పకోడీ కూడా.

"నెట్‌వాడు చెయ్యగలడేట్రా ఈ పని?"

"సెయ్యలేడు సావుకారూ, ఒట్టు! నీలాగ పుల్ల సదివీవోడు ఏడీ?"

మధ్యాహ్నానికి ఇరవైరెండు పుల్లలూ అయ్యాయి. గణపతిరావు పంచె ఎగ్గట్టి, స్టూలెక్కి, అటక మీది పెట్టెలకి చెయ్యి చాపాడు.

బుధు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంటూ అన్నాడు:

"పెట్టెలు దింపకు సావుకారూ, నెట్‌సెంటరోడు నెంబర్లే అడిగినాడు."