పిసుకుడు తాత

తెల్లటి దిండు మీద ముసలాయన బొటనవేలి మరక పడింది.

కొట్టు నడిపే ఆమె మొహం చిట్లించి ఆ దిండు లాక్కుంది.

"తాతా! ఊరికే పిసకడానికి అదేమైనా పిండిముద్దా?"

"దూది మంచిదేనామ్మా?" అంటూ ఆయన చొక్కా చేతికి ముక్కు తుడుచుకుని, అదే చేత్తో ఇంకో దిండు అందుకున్నాడు.

ఛీ! మనిషన్నాక కాస్త శుభ్రం ఉండొద్దా?

మాల్లో అందరూ ఆయన్ని పిసుకుడు తాత అంటారు. ప్రతి కొట్టుకీ వస్తాడు. ఏదీ కొనడు. వెళ్ళాక కూడా నొప్పుల నూనె కంపు అక్కడే ఉంటుంది.

ఆ మాటకొస్తే మాల్ అంతా కంపు కొడుతోంది. ఊరి చివర తుప్పలు కొట్టించి కట్టిన కొత్తలో, వాటంతటవే కదిలే మెట్లను చూసిపోవడానికి జనం విరగబడేవారట. తర్వాత పెద్ద రోడ్డు పక్కన ఇంకా పెద్ద మాల్ లేచింది. ఇక్కడ షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. కదిలే మెట్లు కదలడం మానేశాయి. పైకప్పు కారేచోట పెట్టిన బకెట్లలో నీళ్ళు కుళ్ళిపోతున్నాయి.

"ఈ సీజనూ ఇలాగే ఉంటే కొట్టు ఎత్తేద్దాం" అని భర్త తేల్చేశాడు.

ఆమెకు ప్రాణం ఒప్పలేదు. రోజూ దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, మంచి బోణీ పంపమని వేడుకునేది.

ఆ దేవుడు పంపేది ఈ తాతని!

ఆ పూట తాత కర్టెన్లు తిరగేస్తుండగా ఓ జంట గుమ్మంలోంచి తొంగిచూసి, లోపలికి వచ్చింది. తాత మెల్లగా జారుకున్నాడు.

"సరిగ్గా గిరాకీ వచ్చే వేళకే తగలడతాడు" అని గొణుక్కుంటూ ఆమె వాళ్ళకు దుప్పట్లు పరిచింది.

వాళ్ళు కొనుక్కుని వెళ్ళగానే గేటు దగ్గరికి నడిచింది.

"అన్నా, ఆ మురికి మనిషిని ఇక లోపలికి రానివ్వకు."

"పాపం, పెద్దాయనమ్మా..." అని నసిగాడు కాపలాదారు.

"అంత జాలిగా ఉంటే మీ ఇంటి దిండ్లు ఇచ్చి పిసుక్కోమను!"



మర్నాటి నుంచి తాత రాలేదు. దిండ్లు తెల్లగా మెరిశాయి. నేల కూడా శుభ్రంగా ఉంది, ఒక్క కాలి జాడ లేకుండా.

జనం గుమ్మం దాకా వచ్చేవారు. ఖాళీ కొట్టులో ఆమె ఒక్కతే కూర్చుని ఆశగా తమ వంకే చూస్తుంటే, మొహమాటపడి తల తిప్పుకుని వెళ్ళిపోయేవారు.

ఒక మధ్యాహ్నం బల్ల మీద ఈగలు తోలుకుంటూ ఆమె ఆలోచనలో పడింది.

దుప్పట్ల జంట. అంతకుముందు కర్టెన్లు కొన్నావిడ. ఆ ముందు పిల్లల తల్లి. అందరూ తాత లోపల ఉన్నప్పుడే వచ్చారు. వాళ్ళు అడుగుపెట్టగానే తాత తప్పుకున్నాడు.

ఈసారి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

ఉన్నపళంగా గేటు దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, తాత వస్తే లోపలికి పంపు. నేనే కుర్చీ వేసి కూర్చోబెడతాను."

"ఇంకెక్కడి తాతమ్మా? మొన్న నిద్రలోనే పోయాడు."



"అన్నా, ఆయనెవరు? మన కొట్లు ఏమైతే ఆయనకేం?"

కాపలాదారు ఆమె కొట్టు వైపు చూశాడు.

"మాల్ తెరిచిన కొత్తలో ఆ గదిలో కొట్టు ఆయనదేనమ్మా. లోపల ఒక్క మనిషీ లేడని బయటి మనిషి గడప తొక్కక, అందరికంటే ముందు మూసుకున్నాడు."