మీ జేజినాయన పేరు

“వైరు పెట్టి చూస్తే ఫుల్ స్పీడు వస్తాంది మామా. వైఫైలోనే నత్త మాదిరి పోతాంది,” అన్నాడు ఉస్మాన్, ల్యాప్‌టాప్‌ను ఒళ్లో సర్దుకుంటూ.

నెట్ కనెక్షన్లు బాగుచేసే ఉస్మాన్ జమ్మలమడుగు నుంచి బండి మీద ఈ ఊరు చేరేసరికి పదిన్నరయింది. గంగులయ్య ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోడలు నాగేంద్రమ్మ టీ గ్లాసుతో గడపలో నిలబడింది.

“ఈ కొత్త వైఫై పెట్టె తెచ్చి పది దినాలు గాలే. పాతదే నయంగా ఉండె,” అందామె.

నిజమే. బాగున్న పాతదాన్ని పట్టుబట్టి మార్పించింది గంగులయ్యే. ఆయన చేతిలో ఉండేది నొక్కుడు ఫోను. ఆయనకు ఇంటర్నెట్టు ఎందుకో ఆ ఓబులేసు దేవునికే ఎరుక! పైగా ఫ్యాక్షన్ రోజుల్లో బాంబులకు భయపడి మూసిన ముందుగది కిటికీని తెరిపించి మరీ పెట్టెను అందులో పెట్టించాడు. గాలాడకపోతే వేడెక్కుతుందట. ఎవరు ఎదురు చెబుతారు? ఒకప్పుడు ఆయన దగ్గితే ఊరు తలుపులు వేసుకునేది.

వీధికి అవతల, సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా తిరుపాలమ్మ ఇల్లు. ఇరవై రెండేళ్ల కిందట పంచాయతీ ఎన్నికలప్పుడు ఆమె మొగుడు కుళ్లాయప్పను నరికి చంపారు. చంపించింది గంగులయ్యేనని ఊరందరికీ తెలుసు. సాక్ష్యం చెప్పేవాడు లేక కేసు కొట్టేశారు. తర్వాత పార్టీలు మారాయి, జెండాలు మారాయి. ఆ రెండిళ్ల మధ్య మాట మాత్రం కలవలేదు.

“నడిమింట్లోకి మారుద్దామా మామా? ఈడుంటే సగం సిగ్నలు వీధి పాలే. ఎదురింటికి బాగా పోతాది గానీ మీ వెనక గదికి రాదు.”

“ఆడే ఉండనీ.”

ఉస్మాన్ నిట్టూర్చి మళ్లీ ల్యాప్‌టాప్‌లో తల దూర్చాడు. “ఏమేం కలిసుండాయో చూద్దాం. ఆది అన్న ఫోను, అక్క ఫోను, టీవీ... ఈ ‘వేణి’ ఎవరు?”

నాగేంద్రమ్మ టీ గ్లాసు గబుక్కున ఉస్మాన్ పక్కన పెట్టి, గడపలోకి వెనక్కి జరిగింది.

వేణి తిరుపాలమ్మ మనవరాలు. ఇంట్లో సిగ్నల్ అందక, మిట్టమధ్యాహ్నం మిద్దెక్కి ఫోను పైకెత్తి పట్టుకుని తిరిగేది. గంగులయ్య ఆ పిల్లనే రెప్పవేయకుండా చూస్తూ కూర్చునేవాడు. ఈ ముసలాయన ఆ పిల్లనేం చేస్తాడోనని నాగేంద్రమ్మకు భయంగా ఉండేది. వారం కిందట బస్సులో వేణి పక్కకొచ్చి కూర్చుంది. “అక్కా, మీ వైఫై మా ఇంట్లో నిండుగా చూపిస్తాంది. ఇంటికాన్నుంచే రాసే ఉద్యోగం పరీక్ష ఉండాది. ఒక్కసారి...” అని బతిమాలింది. నాగేంద్రమ్మ చెవిలో పాస్‌వర్డ్ చెప్పేసింది. ఆ పరీక్ష ఇవాళే, పదకొండింటికి.

చెప్పినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. మొగుడు ఆదినారాయణకు పార్టీయే ప్రాణం. నిన్న ఫోన్లో పార్టీ మీటింగు మధ్యలో ఆగిపోతే, “ఎవడో మన నెట్టు వాడుకుంటాండాడు! నేనొచ్చేలోగా పాస్‌వర్డు మార్పించు నాయనా, వాడెవడో తెలిస్తే నరుకుతా,” అని తండ్రితో అరిచి చెప్పి, ఇవాళ పొద్దున్నే ప్రొద్దుటూరు పోయాడు.

“నువ్వు చెప్పినావా?” గంగులయ్య కోడలి వైపు చూశాడు.

“తప్పయిపోయింది మామా. ఆ పిల్లకు ఇవాళ పరీక్షంట. ఒక్క రెండు గంటలు ఆగి మార్పిద్దాం.”

“లోపలికి పో.”

“మామా, ఆడపిల్ల బతుకు...”

“పోమంటి గదా!”

నాగేంద్రమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడింది. కట్టుకున్నవాడికి తెలియకుండా ఎదురింటికి సాయం చేసింది. ఇప్పుడు నమ్ముకున్న పిల్లను నట్టేట ముంచింది. రెండు తప్పులూ తనవే. ముందుగదిలోంచి ఉస్మాన్ గొంతు వినిపించింది.

“వైఫై పేరు కూడా మార్చల్లా? సరే. పాస్‌వర్డు మాత్రం ఎనిమిది అక్షరాలకు తగ్గగూడదు మామా.”

గంగులయ్య ఏదో గొణిగాడు. ఉస్మాన్ వేళ్ల టకటక మధ్యలో ఆగింది.

“అదేనా మామా?”

“అదే కొట్టు.”

ఉస్మాన్ టీ కూడా తాగకుండా బండెక్కాడు. ఆమె పరుగున కిటికీ దగ్గరికి వచ్చింది. పదకొండుకు ఇంకా రెండు నిమిషాలే ఉంది. ఎదురు కిటికీలో వేణి ఏడుస్తూ తన ఫోనును తిరుపాలమ్మకు చూపిస్తోంది.

“కొత్త పాస్‌వర్డు ఏంది మామా?”

“నీ ఫోన్లో వైఫై పేరుండే చోట రాసుండాది చూడు. ఆది వచ్చినాక వానితో కూడా అదే కొట్టించు,” అని గంగులయ్య తువ్వాలు మొహం మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె ఫోను తీసింది. పాత వైఫై పేరు లేదు. దాని చోట ఇంగ్లీషు అక్షరాల్లో ‘మీ జేజినాయన పేరు’ అని ఉంది. హాస్టల్లో ఉన్న తన కొడుక్కి జేజినాయన, అంటే తాత, ఈయనే గదా! ‘గంగులయ్య’ అని కొట్టింది. తప్పంది. ఇంటిపేరు చేర్చి కొట్టింది. మళ్లీ తప్పంది. కాటికి కాళ్లు చాపుకుని కూడా తన పేరే అందరూ జపించాలా ఈ ముసలాయనకు? ఆమెకు ఒళ్లు మండిపోయింది.

తలెత్తి చూస్తే వేణి ఏడవడం లేదు. ఫోను ముందు వంగి పరీక్ష రాస్తోంది. పక్కన తిరుపాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ, ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఈ కిటికీ వైపే చూస్తోంది.

నాగేంద్రమ్మ ఆ ‘మీ’ అన్న మాటను మళ్లీ చదువుకుంది.

ఈసారి ‘కుళ్లాయప్ప’ అని కొట్టింది, కలిసింది.