కండ్లకలక

"ఆడదానికి సిగ్గుండాల! నడివీధిలో రొమ్ము తీసి కూచుంటావా? లెయ్ ఈడనుంచి!"

కండ్లకలకతో అరుగు మీద పడుకున్న శ్రీరంగప్ప అరిచాడు. కరువు పనికి పోతూ దారిలో ఆగి, ఆ ఇంటి గోడ నీడన బిడ్డకు పాలిస్తున్న ఓబుళమ్మ, పైట సర్దుకుని లేచింది.

అతని తల్లి గిన్నె పట్టుకుని గబగబా బయటికొచ్చింది.

"పోవద్దమ్మా, నిలబడు. వీని కండ్లలో ఏసేకి నాలుగు చుక్కలు నీ పాలు పిండియ్యి. పాపం, కండ్లే తెరవలేకున్నాడు."

"ఇప్పుడే కదవ్వా తిట్టినాడు?"

"మంటకు ఏందో అన్నాడులే. గోడ తట్టు తిరుక్కో, ఎవరూ చూడరు."

శ్రీరంగప్ప కండ్ల మీద తడిగుడ్డ కప్పుకున్నాడు.

బాధ ఎవరిదైనా బాధే అనుకుని, ఓబుళమ్మ బిడ్డను చంకనెత్తుకుని, గిన్నె అందుకుని గోడ వైపు తిరిగింది. గిన్నెలోకి పాలు పిండుతుంటే వీపు మీద ఏదో పాకినట్టయి వెనక్కి చూసింది.

తడిగుడ్డ పైకి లేచి ఉంది. పుసులు కట్టిన ఎర్రటి కండ్లు రెప్ప వేయకుండా ఆమె పైట పక్క సందుకే అతుక్కుని ఉన్నాయి.

ఓబుళమ్మ పైట లాగి కప్పుకుంది. గిన్నెను మట్టిలో బోర్లించింది.

"మందక్కర్లేదవ్వా. నీ కొడుక్కు కండ్లు బాగనే కనపడతాండాయి."