జీతం లేని వాచ్‌మన్

"పొడుగుబండే కొనవయ్యా. ఆ ఎత్తుబండి మీకు పనికిరాదు."

కింద వాటా గుమ్మంలో నిలబడిన పెద్దాయన అడగకుండానే సలహా పారేశాడు.

లైబ్రేరియన్ చేతిలో రెండు కార్ల ఫొటోలున్నాయి. రెండూ సెకండ్ హ్యాండువే. ఒకటి ఎస్టేట్ కారు. వెనకాల బారుగా ఉంటుంది, హైబ్రిడ్ కాబట్టి నడుస్తూనే బ్యాటరీ నింపుకుంటుంది. రెండోది ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ. అదీ హైబ్రిడ్డే, కాకపోతే ప్లగ్గు పెట్టి చార్జింగ్ చేసుకోవాలి.

"ఎందుకు పనికిరాదండీ?"

"మీ నాన్నకి డయాలసిస్ కదా. తిరిగొచ్చేటప్పుడు మనిషి కూర్చోలేడు, వాలిపోతాడు. పొడుగుబండిలో కాళ్ళు చాపుకోవచ్చు. అయినా మన పార్కింగులో ప్లగ్గెక్కడుంది నీకు?"

లైబ్రేరియన్ తలూపి మెట్లెక్కాడు. నాన్న కిడ్నీలు పాడైన దగ్గర్నుంచీ ఎవరేం చెప్పినా తలూపడమే అతని పని. కోపం లేదు, సంతోషం లేదు. ఆకలి కూడా గడియారం చూసి వేస్తున్నట్టుంది.

ఇంట్లో బావమరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"బావా, కళ్ళు మూసుకుని ఎస్‌యూవీ తీసుకో. ఆస్పత్రికి పోయిరావడమంతా కరెంటు మీదే. చుక్క పెట్రోలు తాగదు."

"కింద పెద్దాయన వద్దంటున్నాడు."

"ఆయనకేం తెలుసు? సైకిలు కూడా లేని మనిషి!"

భార్య పకాలున నవ్వింది. లైబ్రేరియన్ దానికీ తలూపాడు. ఎస్‌యూవీ వచ్చింది.

ప్లగ్గు మాత్రం రాలేదు. అసోసియేషన్ సెక్రటరీకి అర్జీ ఇస్తే "మీటింగులో పెడతాంలెండి" అన్నాడు. ఈలోగా ఆ బరువుబండి పెట్రోలు గటగటా తాగేసింది.

బంకు దగ్గర ఆగిన ప్రతిసారీ వెనకసీట్లోంచి నాన్న అదే పాట.

"ఎందుకురా నా వెనక ఇంత తగలేస్తావు? ఇక మానేద్దాం."

మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఒకరోజు నాన్న నిజంగానే గోడవైపు తిరిగి పడుకుని, రానంటే రానన్నాడు. ఎంత బతిమాలినా లేవలేదు. ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళలేదు.

ఆ వారమే పార్కింగు స్తంభానికి కొత్త ప్లగ్గు కనిపించింది. సరిగ్గా అతని బండి పక్కనే.

"ఎవరు పెట్టించారండీ?" పెద్దాయన్ని అడిగాడు.

"అసోసియేషన్ వాళ్ళే అయ్యుంటారు. నన్నడుగుతావేం?" కసురుకుని తలుపేసుకున్నాడు.

సెక్రటరీకి ఒక మాట చెప్పాలనుకున్నాడు లైబ్రేరియన్. తర్వాత మర్చిపోయాడు. ఆ రోజుల్లో ఏ పనీ చివరిదాకా చేసేవాడు కాదు.

"బంకు దగ్గర ఆగలేదేంరా?" అన్నాడు నాన్న, మళ్ళీ ఆస్పత్రికి వెళ్తుంటే.

"కరెంటు మీద నడుస్తోంది నాన్నా. కామన్ ప్లగ్గు, అసోసియేషన్‌ది."

"అలాగైతే సరే."

మానేస్తానన్న మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు.

వేసవి ముదిరింది. పొద్దు వాలేసరికి పెద్దాయన బనీనుతో మెట్ల మీద చేరేవాడు. మడిచిన పేపరుతో విసురుకుంటూ వచ్చేపోయేవాళ్ళందర్నీ చూస్తూ కూర్చునేవాడు.

"జీతం లేని వాచ్‌మన్!" అని బావమరిది పేరు పెట్టేశాడు.

"ఇంట్లో లైటు కూడా వేసుకోడు. పిసినారితనానికీ ఓ హద్దుండాలి" అనేది భార్య.

లైబ్రేరియన్ కిందికి దిగితే ఆయనవి రోజూ అవే ప్రశ్నలు.

"ప్లగ్గు పెట్టావా?"

"పెట్టానండీ."

"గట్టిగా నొక్కు. మీ నాన్న భోంచేశాడా?"

"చేశారండీ."

అడిగిందే అడుగుతాడేమిటీయన అనుకుంటూ లైబ్రేరియన్ పైకి వెళ్ళిపోయేవాడు. ఎప్పుడూ ఆయన పక్కన కూర్చోలేదు. మీరు తిన్నారా అని అడగలేదు.

ఒకరోజు నాన్నని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేసరికి మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"కింద పెద్దాయన నిద్రలోనే పోయారట" అంది భార్య. "వాళ్ళ అన్నకొడుకు వచ్చి మధ్యాహ్నమే తీసుకెళ్ళిపోయాడు."

"అలాగా" అన్నాడు.

లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు చూసుకున్నాడు. ఏమీ కదల్లేదు. చేతులు కడుక్కుని, నాన్నకి మందులిచ్చి, బండికి ప్లగ్గు పెట్టడానికి దిగాడు.

చార్జరు లైటు వెలగలేదు. తీసి మళ్ళీ నొక్కాడు. ఊహూఁ.

చాలా నెలల తర్వాత అతనికి కోపమొచ్చింది. నేరుగా సెక్రటరీ ఇంటికి వెళ్ళాడు.

"కామన్ ప్లగ్గు పనిచెయ్యట్లేదండీ! ఎల్లుండి నాన్నని తీసుకెళ్ళాలి. కాస్త పట్టించుకోవద్దూ?"

సెక్రటరీ బట్టలు మడతపెడుతున్నవాడల్లా ఆగాడు.

"కామన్ ప్లగ్గా? మీ అర్జీ మీటింగులో కొట్టేశారు కదండీ. ఒక్కరి కోసం కుదరదన్నారు."

"మరి స్తంభానికున్నది?"

"అది పెద్దాయన తన వంటింట్లోంచి లాగించిన వైరు. ఆయన మీటరే తిరిగేది. అన్నకొడుకు పోతూ పోతూ మెయిన్ ఆపేసి తాళం వేసుకున్నాడు."

"ఆయనే నాతో అసోసియేషన్‌ వాళ్ళదన్నాడే!" అన్నాడు లైబ్రేరియన్.

"మీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు" అన్నాడు సెక్రటరీ, చేతిలో చొక్కా పక్కన పెడుతూ. "మీ నాన్నగారికి తెలిస్తే మళ్ళీ రానని మొండికేస్తారని ఆయన భయం. ఆ వాటాలో వైరింగు పాతదండీ. మీ బండికి ప్లగ్గు పెట్టాక ఇంట్లో ఫ్యాను వేసినా ఫ్యూజు ఎగిరిపోయేది. అందుకే పాపం, బండి నిండేదాకా అన్నీ ఆర్పేసుకుని, మెట్ల మీద కూర్చునేవాడు."